ఇద్దరికీ ఒకటే పేరు

మా అమ్మ పేరు పెంగ్ చియూయున్. లాంగ్‌టాన్ బజారులో ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు. బియ్యపు జున్ను పెంగ్ అంటే మాత్రం చెప్పుల దుకాణం పక్క సందు చూపిస్తారు. బియ్యం నానబెట్టి రుబ్బి, సున్నపు తేట పోసి, పొయ్యి మీద పసుపు రంగు తిరిగేదాకా కలియబెట్టి, పళ్ళేల్లో పోసి ఆరనిచ్చి, గట్టిపడ్డాక ముక్కలు కోసేది. పైన మిరపకారం, ఊరవేసిన ముల్లంగి. ఇరవై ఆరేళ్ళు అదే పని. సున్నం తగిలి తగిలి ఆమె వేళ్ళ కొసల్లో గీతలు అరిగిపోయాయి. నేను కొనిచ్చిన ఫోను ఆమె వేలిముద్రని గుర్తుపట్టకపోతే నన్ను తిట్టింది, ఫోనుని కాదు.

ఆమె గురించి చెప్పాలంటే ముందు నా పేరు గురించి చెప్పాలి. వేరే దారి లేదు.

నా పేరు తాన్ యోంగ్‌న్యెన్. తాన్ అనేది ఇంటిపేరు. యోంగ్ అంటే ఎప్పటికీ అని. మా తరంలో పుట్టిన మగపిల్లలందరి పేర్లలోనూ ఆ అక్షరం ఉండాలని వంశం పుస్తకంలో ఏనాడో రాసిపెట్టారు. న్యెన్ అంటే ఏళ్ళు. ఈ రెండోది తాత ఎంచింది. నూరేళ్ళూ బతకాలని. తాతకి చదువొచ్చు, కుంచెతో రాస్తే అక్షరం ముత్యంలా ఉండేది, పిల్లలకి పేరు కావాలంటే ఊళ్ళో సగం మంది ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. మంచి పేరే పెట్టాడు. కాకపోతే నాకు పెట్టలేదు.

నేను చాంగ్‌షాలో కాలేజీ రెండో ఏడాది మధ్యలో మానేసి ఇంటికొచ్చాను. దానికో పెద్ద కారణం చెప్పాలని చాలామంది చూశారు. కారణం లేదు. తరగతిలో కూర్చుంటే కాళ్ళు దురద పెట్టేవి, అంతే. అమ్మ గుమ్మంలో నా పెట్టె చూసి, "తిన్నావా?" అంది. మర్నాడు నన్ను దుకాణంలో కారం గిన్నె ముందు నిలబెట్టింది.

"ఏంటక్కా, ఇంజినీరు గారు కారం వేస్తున్నారే ఇవాళ!" అంది కూరగాయల ఆవిడ.

"వెయ్యనీ. కాలేజీలో అది కూడా నేర్పలేదంట."

"పెళ్ళి చేసెయ్, కుదురుకుంటాడు."

"ముందు ముక్కలు సమానంగా కొయ్యడం రానీ. చూడు, ఒకటి ఇటుకంత, ఒకటి ఈగంత."

ఆ ఏడాది ఏడో నెలలోనే నాకు సంగతి తెలిసింది.

మా దగ్గర పోయినవాళ్ళు ఏటా ఏడో నెల పదో రోజున ఇళ్ళకొస్తారు. నాలుగు రోజులుంటారు. పద్నాలుగో రోజు సాయంత్రం వాళ్ళని తిరిగి పంపేటప్పుడు కాగితపు డబ్బు పొట్లాలు కాలుస్తాం. ఒక్కో పొట్లం మీద తీసుకునేవాళ్ళ పేరు నడుమ రాయాలి, పంపేవాడి పేరు ఎడమ పక్క కింద చిన్నగా రాయాలి. రాయడం ఇంటి కొడుకు పని. నాకు ఎనిమిదో ఏట తాత నేర్పాడు. ఆ తర్వాత ఏటా నేనే రాశాను. ముత్తాతకి, నానమ్మకి, తాతకి, నాకు పన్నెండేళ్ళప్పుడు గనిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడై పోయిన నాన్నకి. ప్రతి పొట్లం మీదా ఎడమ పక్కన: యోంగ్‌న్యెన్ మొక్కి పంపుతున్నాడు.

అన్నీ అయ్యాక అమ్మ ఒక పొట్లం తనే కట్టేది. దాని మీద రాత ఉండదు. దిక్కులేని దయ్యాలకి అని అందరూ చేస్తారు గానీ, ఎవరైనా చినిగిపోయిన కాగితాలు గుప్పెడు పారేస్తారు. అమ్మ కట్టేది తాత పొట్లమంత లావుండేది. మడతలు కత్తితో కోసినట్టుండేవి. లోపల ఒక పాలబిళ్ళ పెట్టి మూసేది. దాన్ని మురుగుకాలవ పక్కన, విడిగా, ఒంటరిగా కాల్చేది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే కాబట్టి అడగాలనిపించలేదు. ఆసారి, పదమూడో రోజున పొట్లాలు రాస్తూ, ఏం తోచక అడిగాను.

"ఎవరికమ్మా అది?"

"చెప్తూనే ఉన్నాగా ఏటా. దిక్కులేనోళ్ళకి."

"దిక్కులేనోళ్ళు పాలబిళ్ళ తింటారా?"

"నీకెందుకురా? రాసేవాడివి రాసుకో."

"పేరు చెప్పు, దాని మీదా రాసేస్తా. సిరా మిగిలింది."

అమ్మ నా చేతి మీద కొట్టింది. కుంచె ఎగిరి గోడకి తగిలింది. సిరా గోడ మీద జారింది. తర్వాత ఆమె బల్ల మీది కాగితాలు సర్దుతూ, ధరలు చెప్పే గొంతుతోనే చెప్పింది.

"మీ అన్నకిరా."

నాకు అన్న ఉన్నాడు. తొంభై తొమ్మిదిలో, నాలుగో నెలలో పుట్టాడు. యోంగ్‌న్యెన్ అని తాత పేరు పెట్టింది వాడికి. ఆ రోజుల్లో సర్కారు లెక్క ప్రకారం మొదట మగపిల్లాడు పుడితే ఇక అక్కడితో సరి, రెండో బిడ్డని కననివ్వరు. అమ్మకి గర్భంలో లూపు పెట్టి పంపించారు. అది జారిపోయింది. మరుసటేడు వేసవిలో నేను పడ్డాను. ఉంచుకోండి అన్నాడు తాత. కడుపు కనబడే వేళకి అధికారులు ఇంటి ముందు బల్ల వేసుకుని కూర్చోవడం మొదలైంది. రెండు వీధుల అవతల ఒకరి ఇంటి పెంకులు ఒక్కొక్కటీ విప్పి పగలగొట్టారు. అమ్మని రాత్రికి రాత్రి కొండ మీది ఆమె పుట్టింటికి పంపారు. అక్కడ పందుల కొట్టం మీద అటకలో మూడు నెలలుంది. అన్న నానమ్మ దగ్గర ఉండిపోయాడు.

పన్నెండో నెల చలిలో వాడికి తట్టు పోసింది. కబురు తెచ్చింది మా పెదనాన్న ఫూషెంగ్. అటక కింద నిలబడి చెప్పాడట: "పిల్లాడికి ఒళ్ళు కాలుతోంది. నువ్వు మాత్రం రావద్దు. వాళ్ళు గుమ్మంలోనే ఉన్నారు. నిన్ను చూస్తే బండెక్కించి తీసుకెళ్ళి కడుపు తీయించేస్తారు."

"నువ్వు ఏడో నెల," అంది అమ్మ నాతో. "లోపల ఒకటే తన్నులు. నేను రాలేదు."

మూడో రోజున పోయాడు. ఇరవై నెలలు. తాత చాపలో చుట్టి కొండ మీదికి తీసుకెళ్ళాడు. అంత చిన్నవాళ్ళకి మా దగ్గర దిబ్బ పోయరు, గుర్తు పెట్టరు. ఎక్కడ పెట్టాడో తాత ఎవరికీ చెప్పకుండానే పోయాడు. చావుని ఏ ఆఫీసులోనూ రాయించలేదు. రెండు నెలలకి నేను పుట్టాను. ఠాణాలో రాయించిన ఇంటి పుస్తకంలో ఒక మగపిల్లాడి పేరుంది, ఇంట్లో ఒక మగపిల్లాడున్నాడు. వచ్చి చూసినవాళ్ళకి సరిపోయింది. టీకాలు వేసే ఆవిడ మాత్రం నా నోట్లో వేలు పెట్టి, "రెండేళ్ళు దాటాయంటున్నారు, ఒక్క పన్నూ లేదే?" అందట. నానమ్మ తడుముకోలేదు. "మా ఇంటి మగాళ్ళకి అన్నీ ఆలస్యమేనమ్మా, పెళ్ళితో సహా."

వీధి అంతటికీ తెలుసు. ఇరవై ఏళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదు. మా వీధి మీద నాకున్న గౌరవం అదొక్కటే.

నాకు అప్పటిదాకా అర్థంకాని సంగతులు చాలా ఉన్నాయి. బడిలో నేనెప్పుడూ అందరికన్నా పొట్టివాణ్ణి. తోటివాళ్ళు మోయగల బెంచీ నేను మోయలేకపోయేవాణ్ణి. లెక్కల మాస్టారు నన్ను మొద్దు అనేవాడు. నాలుగేళ్ళవాణ్ణి ఆరేళ్ళవాళ్ళ మధ్య కూర్చోబెడితే మొద్దే అవుతాడు. ఇంకోటి, అమ్మ నన్ను ఎన్నడూ పేరుపెట్టి పిలవలేదు. చిన్నోడా అనే పిలిచేది. ఒక్కడే కొడుకైనవాణ్ణి చిన్నోడా అంటే ముద్దు అనుకున్నాను.

"అయితే వాడికి ఇన్నాళ్ళూ..."

"ఏం పంపుతాం? వాడి పేరు నీ మీద ఉంది. తీసుకునేవాడి చోట బతికున్నవాడి పేరు రాసి కాలిస్తే, అక్కడ పుస్తకంలో నిన్ను రాసుకుంటారు. పేరు లేని పొట్లం ఎవడి చేతికి దొరికితే వాడిది. పసివాడు, పెద్ద దయ్యాల మధ్య లాక్కోగలడా?"

"వేరే పేరు పెట్టు వాడికి. కొత్తది. దాంతో పంపుదాం."

అమ్మ నన్ను జాలిగా చూసింది.

"వాడికి రెండే మాటలొచ్చురా. అమ్మ అని, న్యెన్‌న్యెన్ అని. మీ నానమ్మ నా మీద కోపమొచ్చి ఓసారి అనేసింది. చివరిదాకా న్యెన్‌న్యెన్, న్యెన్‌న్యెన్ అంటూనే ఉన్నాడంట. నేను పిలవట్లేదని తనని తనే పిలుచుకున్నాడు. ఇప్పుడు వేరే పేరుతో పిలిస్తే తిరిగి చూస్తాడా?"

నేను ఇలాంటివి నమ్మను. అదే చెప్పాను. రాసి పడేస్తాను, నాకేమీ కాదు అన్నాను.

"నువ్వు నమ్మకపోతే ఏం? వాళ్ళు నమ్ముతారుగా," అంది.

పద్నాలుగో రోజు సాయంత్రం, ఆమె చూడకుండా రాశాను. నడుమ తాన్ యోంగ్‌న్యెన్. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి పంపకూడదు కాబట్టి అమ్మ పేరుతో పంపడానికి లేదు, తమ్ముడే పంపాలి. అందుకని ఎడమ పక్కన కూడా: యోంగ్‌న్యెన్ మొక్కి పంపుతున్నాడు. నాకు నేనే ఉత్తరం రాసుకున్నట్టుంది. నవ్వొచ్చింది. దాన్ని నాన్న పొట్లం కింద దాచి, అన్నీ కలిపి మంటలో పెట్టాను.

అమ్మకి చదువు రాదు. కానీ నా బడి కాగితాల మీద చూసి చూసి ఆ మూడు అక్షరాలు మాత్రం ఆమెకు వచ్చు. పై కాగితం కాలి ముడుచుకుని కిందది బయటపడేసరికి మంటలో చెయ్యి పెట్టింది. ఊరికే పెట్టడం కాదు, మోచేతిదాకా. పొట్లం లాగి, కాళ్ళతో తొక్కి ఆర్పి, అక్షరాలు పూర్తిగా ఉన్నాయో లేదో చూసుకుంది. 'తాన్' అన్నది సగం కాలింది. మిగతా రెండూ ఉన్నాయి.

"ఇంటిపేరే పోయింది. ఇంటిపేరుతో ఎవర్నీ పట్టుకోలేరు," అంది తనలో తను. తర్వాత ఆ చేత్తోనే నా చెంప మీద కొట్టింది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అరచేతికి గుడ్డ చుట్టుకుని ముక్కలు కోసింది. "ఏంటక్కా, చేతిని కూడా ఉడికించావా?" అని కూరగాయల ఆవిడ అంటే, "అవును, కారం వేసి పెట్టనా?" అంది. ఆ బొబ్బలు మానాక చర్మం బిగుసుకుపోయి, ఆ చేతి పిడికిలి మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు.

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. నా జీవితంలో ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చూద్దామనుకున్నది అదొక్కటే. పేరు నేను వదిలేస్తే వాడిది వాడికి పోతుంది కదా. ఎనిమిదో నెల మొదట్లో ఠాణాకి వెళ్ళి, ఇంటి పుస్తకాలు రాసే కిటికీ దగ్గర పేరు మార్పు కాగితం అడిగాను. లోపలున్న అమ్మాయికి నా వయసే ఉంటుంది.

"ఈ పేరుకేమొచ్చింది? నూరేళ్ళు బతుకుతావు."

"అదే బాధ."

"కొత్త పేరేంటి?"

ఇంటి నుంచి ఠాణాదాకా నడిచి వచ్చాను, అది మాత్రం ఆలోచించలేదు.

"ఏదైనా పర్లేదు," అన్నాను.

"ఏదైనా అని రాసుకోనా? తాన్ ఏదైనా?" వెనక వరసలో వాళ్ళు నవ్వారు. "వెళ్ళి ఆలోచించుకుని రా. ఇంకో సంగతి. మార్చినా పాత పేరు పోదు. పుస్తకంలో 'పూర్వపు పేరు' అని ఒక గడి ఉంటుంది. చచ్చేదాకా అందులో ఉంటుంది."

ఇంటికొచ్చి అమ్మని అడిగాను. "నేను పుట్టకముందు నాకేం పేరు పెడదామనుకున్నారు?"

ఆమె సున్నం నీళ్ళు వడగడుతోంది.

"నీకు పేరు ఆలోచించే తీరిక ఎవరికుందిరా? నువ్వొచ్చేసరికే ఉంది."

పూర్వపు పేరు గడి సంగతి చెప్పాను. ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది. "ఇక్కడి గుమాస్తాకే గడి ఉంటే అక్కడి గుమాస్తాకి ఉండదా? ఇద్దరి పేర్లూ చూసి, దగ్గరున్నవాణ్ణి పట్టుకుపోతాడు. వద్దు." దాంతో నేనూ ఆపేశాను. నా పట్టుదల మూడు వారాలు నిలిచింది.

ఆ చలికాలం అమ్మకి అన్నం దిగడం మానేసింది. ఆస్పత్రిలో కడుపు కోసి చూసి, ఏమీ తీయకుండానే మళ్ళీ కుట్టేశారు. ఎంతకాలం అని అడగలేదు ఆమె. జున్ను కలియబెట్టే కర్రని కూరగాయల ఆవిడకి అమ్మేసింది. అది చూసి నాకు అర్థమైంది.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం, కాస్త నొప్పి తగ్గిన వేళ, కుంచె తెమ్మంది.

"రాయి. వాడి పేరు. కాల్చకు."

"మరి?"

"నా లోపలి చొక్కాలో పెట్టు, నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు. నేనే తీసుకెళ్ళి చేతికిస్తా. మధ్యలో గుమాస్తాలు వద్దు, పుస్తకాలు వద్దు. ఇది నీదిరా, ఆ ఇంట్లో ఉన్నవాడిది కాదు అని నేనే చెప్తా."

"కనిపెట్టగలవా వాణ్ణి?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. నేను నమ్మను గదా.

"పేరు పిలుస్తా. వస్తాడు."

రాశాను. ఈసారి నవ్వు రాలేదు. పాలబిళ్ళ ఆమే పెట్టింది, ముడుచుకోని ఆ చేత్తో, మూడుసార్లు జారితే.

ఒకటే చిక్కు. మా జిల్లాలో అంతకు ముందు ఏడాది నుంచీ శవాల్ని మట్టిలో పెట్టనివ్వడం లేదు. అందర్నీ కాల్చాలి. అమ్మకి ఆ సంగతి తెలుసు. పెదనాన్న ఫూషెంగ్ ఆమె మంచం పక్కన కూర్చుని, తనకి తెలిసినవాళ్ళున్నారని, కొండ మీద నాన్న పక్కనే పెట్టిస్తానని మాట ఇచ్చాడు. ఆమె నమ్మింది, చొక్కాలో పెట్టాల్సిన కాగితం సంగతి కూడా ఆయనకి చెప్పింది. ఐదో నెల తొమ్మిదో రోజు తెల్లవారుతూండగా పోయింది. పది గంటలకల్లా కాల్చేచోటి నుంచి బండి వచ్చి సందు మొదట్లో నిలబడింది. పెదనాన్న డ్రైవరుకి సిగరెట్లిచ్చాడు, అరిచాడు, ఎవరికో ఫోను చేశాడు, చివరికి ఆ ఫోను జేబులో పెట్టుకుని బండెక్కి కూర్చున్నాడు.

లోపల సీమెంటు గచ్చు, గోడకి గడియారం. ఆమెని చక్రాల బల్ల మీద పడుకోబెట్టారు. నీలం చావుబట్టలు, నల్ల గుడ్డ చెప్పులు. తలుపు దగ్గర మాస్కు పెట్టుకున్న మనిషి అడిగాడు: "లోపల లోహం, బ్యాటరీలు, సీసాలు ఏమైనా ఉన్నాయా?"

"లేవు," అన్నాను.

పెదనాన్న నా చొక్కా పట్టుకుని పక్కకి లాగాడు. "కాగితం ఉందిగా. తియ్. అది కాలుతుందిరా ఇప్పుడు."

"తెలుసు."

"తెలిస్తే నిలబడతావేం? కాల్చొద్దని చెప్పిందిగా మీ అమ్మ! దాని మీద నీ పేరుందిరా. నీ పేరు నువ్వే నిప్పులో వేసుకుంటావా?"

"నా పేరు కాదు అది."

"ఎవరిదైనా గానీ! ఆ రోజు నేనే చెప్పి ఆపాను ఆమెని. రావద్దని నేనే అన్నాను. నువ్వు బతకాలనే కదరా అన్నది!" అరవై రెండేళ్ళ మనిషి, ఇటుకల లారీ తోలేవాడు, నా చొక్కా పట్టుకునే ముక్కు తుడుచుకున్నాడు. "తీసెయ్. మట్టిలో ఎక్కడైనా పాతిపెడదాం. చచ్చినవాడికోసం నువ్వెందుకు?"

మాస్కు మనిషి గడియారం చూశాడు. "తొందరగా తేల్చండి, వెనక ఇద్దరున్నారు."

నేను అమ్మ దగ్గరికెళ్ళాను. చొక్కా గుండీ దగ్గర చెయ్యి పెట్టాను. కాగితం అంచు వేళ్ళకి తగిలింది. నమ్మను అని చెప్పినవాణ్ణి, అప్పుడు దాన్ని లాగేద్దామనుకున్నాను. అది నిజం, దాచడం దేనికి. రెండు వేళ్ళతో పట్టుకున్నాను కూడా. తీసేస్తే ఆమె అక్కడ ఉత్త చేతులతో నిలబడుతుంది. మళ్ళీ రాలేదనుకుంటాడు వాడు. రానివ్వనిది అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే అవుతాను.

గుండీ పెట్టేశాను.

"లోపల ఏమీ లేదు. తీసుకెళ్ళండి," అన్నాను.

బల్ల లోపలికెళ్ళింది. ఇనప తలుపు పడింది. పెదనాన్న గోడకి ఆనుకుని కూలబడ్డాడు. నా వైపు చూడలేదు.

బూడిద ఇచ్చే కిటికీ ముందు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. గంటా పది నిమిషాలు కూర్చున్నాం. పక్కన ఎవరో పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు. తర్వాత కిటికీలోంచి ఒక ఆడగొంతు పిలిచింది.

"తాన్ యోంగ్‌న్యెన్!"

నేను కదల్లేదు.

"పిలుస్తున్నార్రా," అన్నాడు పెదనాన్న.

"ఉండు పెదనాన్నా."

"తాన్ యోంగ్‌న్యెన్! లేరా?"

పెదనాన్న లేవబోతే మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను. గింజలు కొరికేవాళ్ళు ఆగి, ఎవరొస్తారా అని చుట్టూ చూశారు. తలుపులు తెరిచే ఉన్నాయి. ఎవరూ రాలేదు. వాడు రావాలంటే ఎంతసేపు పడుతుందో నాకెలా తెలుస్తుంది, ఇరవై నెలల పిల్లాడి నడక.

మూడోసారి ఆమె విసుక్కుంటూ పిలిచింది. అప్పుడు లేచి వెళ్ళి సంతకం పెట్టాను. పెట్టె ఇంకా వేడిగా ఉంది. చొక్కా చేతులు కిందికి లాక్కుని ఎత్తుకున్నాను.